దళవాయి గొంతులో పాయసం

అవతల బూడిదకొండ శిఖరం మీద మాంత్రికుడు ధూమ్రజటుడు తన గండభేరుండ పక్షికి కళ్లెం బిగిస్తున్నాడు. పక్షికి తలలు రెండు కాబట్టి కళ్లేలూ రెండు, ఆలస్యమూ రెండింతలు. ఇవతల కరకంకణ దుర్గంలో సింగన్న తల బండ మీద ఆనించి పడుకుని ఉన్నాడు. తల పక్కన ఒక కాలు ఉంది. ఆ కాలికి పైన ఏనుగు ఉంది.

కరకంకణ దుర్గం సామాన్యమైనది కాదు. తొమ్మిది ప్రాకారాలు, ప్రాకారానికొక సింహద్వారం, ద్వారానికి నూటపదహారు ఇత్తడి గుబ్బలు, గుబ్బ గుబ్బకూ నెమలి పింఛపు నగిషీ. బురుజుల మీద పగడపు కలశాలు. మధ్యాహ్నపు ఎండలో వాటి తళతళకు కళ్లు చెదిరి ఆకాశాన పోయే కొంగలు దారి తప్పి రాజుగారి వంటశాలలో దిగుతుండేవి. ఇంతటి వైభవం నిలబడటానికి కారణం మహారాజు వజ్రముష్టి కాదు, ఆయన తాతముత్తాతలూ కాదు. దళవాయిగారు. దళవాయిగారంటే ఏ కోరమీసాల సేనానో అనుకునేరు, మూడున్నర మూరల చెకుముకి తుపాకి.

అరవై ఏళ్ల కిందట ఇదే రోజున ధూమ్రజటుడు కోటను ముట్టడించాడు. బురుజు మీది సైనికులు ఉన్నవాళ్లు ఉన్నట్టే పారిపోయారు. గోడకు చేరేసిన పాత తుపాకి ఒక్కటే మిగిలింది. అంతలో బురుజు మీంచి భయంకరమైన గర్జన ఒకటి వినిపించింది. మాంత్రికుడి చేతిలోని దండం జారిపోయింది. జడలు నిక్కబొడుచుకున్నాయి. సేనతో సహా పరుగు లంకించుకుంటూ, "అరవై ఏళ్లు నిండిన నాడు సూర్యాస్తమయానికి మళ్లీ వస్తాను. ఆ గొంతు వినపడిందా, ఇటువైపు తల తిప్పను. వినపడలేదా, కోట నాది," అని శపథం చేసి పోయాడు.

ఆ గర్జన ఎవరిదో కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. అందుచేత అది తుపాకిదేనని సభలో ఏకగ్రీవంగా తీర్మానించారు. తుపాకికి దళవాయి పదవి ఇచ్చారు. పల్లకి ఇచ్చారు. రెండు పూటలా భోజనం ఏర్పాటు చేసి, భోజనం అయ్యాక మూతి తుడవడానికి ఒక ఉద్యోగిని నియమించారు. ఆ ఉద్యోగం ఇప్పుడు సింగన్నది. ఈ ఉదయం దళవాయిగారిని భుజాన వేసుకుని బురుజు మెట్లు ఎక్కుతూ సింగన్న కాలు జారాడు. దళవాయిగారు నలభై రెండు మెట్లు దొర్లి ప్రాంగణంలో బోర్లా పడ్డారు.

సింగన్న భార్య నాంచారికి కబురు అందేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె తుపాకులు బాగుచేసే మల్లోజు కూతురు. తండ్రి పోయాక కొలిమి ఆమే నడుపుతోంది. పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని తొమ్మిది ద్వారాలూ ఒక్క బిగిన దాటి వచ్చి మొగుడి ముందు నిలబడింది. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు బయటపెట్టాలో తెలియక గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఏమయ్యా, ఎట్లా ఉంది?"

"బండ చల్లగానే ఉందే. మెడే కాస్త పట్టేసింది," అన్నాడు సింగన్న. "కావాలని పడెయ్యలేదు నాంచారీ. పైనుంచి మూడో మెట్టు మీద పాయసం ఒలికి ఉంది."

"ఎవరు ఒలికించారు?"

"నేనే."

ఏనుగు పక్కనున్న మావటి జాలిపడ్డాడు. "భయపడమాకమ్మా. మా కల్యాణి ఈ ఉద్యోగంలో చేరి అరవై ఏళ్లయింది గానీ ఇంతవరకూ ఎవర్నీ తొక్కలేదు. ఎట్టా తొక్కాలో దానికీ తెలవదు, నాకూ తెలవదు."

"అంతకుముందు ఏం చేసేది?"

"బురుజు మీదికి బెల్లం బుట్టలు మోసేది. ఆ యుద్ధంనాడు పైన పాకం మాడిపోయిందంట. ఆ మాడు వాసనకి అదిరిపోయి కిందికొచ్చేసిందంట. అప్పట్నించీ దీనికి బెల్లం చూపించడం లేదు. ఇదీ నోరెత్తడం లేదు. మా నాయన చెప్పేవాడు."

ఏనుగు కష్టసుఖాలు వినే ఓపిక నాంచారికి అప్పుడు లేదు. తీర్పు ఆమె చెవిలో గింగురుమంటోంది. సూర్యుడు పడమటి కొండను తాకేలోగా దళవాయిగారు మాట్లాడితే సింగన్న నిర్దోషి. మాట్లాడకపోతే కోట ఎలాగూ మాంత్రికుడిది అవుతుంది. అయితే పాత ప్రభుత్వం పని కొత్త ప్రభుత్వానికి మిగల్చడం మర్యాద కాదు కనుక, సింగన్న తల సంగతి ఒక్క క్షణం ముందుగా తేల్చేయాలని న్యాయాధికారులు పట్టుబట్టారు.

కొలువుకూటంలో దళవాయిగారు హంసతూలికాతల్పం మీద పడుకుని ఉన్నారు. గుండెల దాకా పట్టు దుప్పటి కప్పి ఉంది. రాజవైద్యుడు ధాతుభూషణం తుపాకి మడమకు, అంటే భుజానికి ఆనే చెక్కకు, పైన సన్నటి చోట మూడు వేళ్లు ఆనించి నాడి చూస్తున్నాడు. మహారాజు వజ్రముష్టి గోళ్లు కొరుక్కుంటున్నాడు. మంత్రి నయనిధి కిటికీలోంచి సూర్యుడి వంక చూస్తున్నాడు.

"వాతం ప్రకోపించింది," అన్నాడు వైద్యుడు. "మూడు మండలాలు పథ్యం చేయిస్తే లేచి కూర్చుంటారు."

"పక్కకు జరగండి అయ్యగారూ, నేను చూస్తాను," అంటూ నాంచారి చెయ్యి చాపింది. నలుగురు భటులు నాలుగు ఈటెలు అడ్డం పెట్టారు.

"ఏమమ్మీ, దళవాయిగారిని జమేదారు హోదాకు తక్కువవాళ్లు ముట్టుకోరాదు," అన్నాడు నయనిధి. "ముట్టుకుంటే రాజద్రోహం."

"ముట్టుకోకుండా ఎట్లా చూడమంటారు?"

మంత్రి క్షణం ఆలోచించి ఆమెను జమేదారును చేశాడు. నడుముకు ఎర్ర పట్కా కట్టారు, డప్పు మోగించారు, భటులు వంగి దండం పెట్టారు. ఈ మర్యాదలకు పట్టిన కాలంలో కిటికీ నీడ జానెడు జరిగింది. నాంచారి దుప్పటి లాగి పారేసి పనికి దిగింది.

"మెడ దగ్గర కర్ర నిలువునా చీలింది. ఇది పడటం వల్ల వచ్చిన దెబ్బే," అంది. చెకుముకి రాయిని పట్టుకునే కొక్కేన్ని వేలితో మీటింది. అది వేలాడింది. "లోపల దీన్ని విసిరే కమాను విరిగింది, ఇదీ పడటం వల్లే. రాయి ఎక్కడో ఎగిరిపోయింది. గొట్టం ఎందుకింత పల్చబడింది? దీన్ని దేంతో తోముతున్నారు?"

"రోజూ అభ్యంగనం. చింతపండు, ఇటుకపొడి," అన్నాడు వైద్యుడు గర్వంగా.

"అరవై ఏళ్లా?"

"ఒక్కరోజు తప్పలేదు."

నాంచారి పళ్లు నూరుకుంది. తరవాత గొట్టం మూతి దగ్గర కన్ను పెట్టబోయింది. ఈటెలు మళ్లీ అడ్డం వచ్చాయి.

"జమేదారు గారూ, మన్నించాలి," అన్నాడు నయనిధి. మాటలో ఇప్పుడు మర్యాద చేరింది. "దళవాయిగారి నోట్లోకి తొంగిచూసే అధికారం సమాన హోదా ఉన్నవాళ్లకే."

మళ్లీ డప్పు మోగింది. పచ్చ పట్కా, వెండి బెత్తం వచ్చాయి. రెండో దళవాయి నాంచారి మొదటి దళవాయిగారి నోట్లోకి చూసింది. చీకటి తప్ప ఏమీ కనపడలేదు. మందు కూరే కడ్డీ తీసుకుని గొట్టం పక్కన పెట్టి పొడవు కొలిచింది, తరవాత లోపలికి తోసింది. మూడు మూరలు దిగవలసిన కడ్డీ జానెడు దిగి ఆగిపోయింది. కడ్డీ కొస వాసన చూసింది. ఏలకులు.

"మీరు దీనికి భోజనం ఎట్లా పెడుతున్నారు?" అని అడిగింది మెల్లగా.

"ఎట్లా పెట్టడమేమిటి? నోట్లోనే," అన్నాడు మహారాజు. "ఉదయం పాయసం, సాయంత్రం చక్కెరపొంగలి. మా తాతగారి కాలంనుంచీ లోటు రానివ్వలేదు. పాపం, ఏనాడూ వద్దనలేదు."

నాంచారి కడ్డీ పక్కన పెట్టి లేచి నిలబడింది. బయట బండ మీద తల పెట్టిన మనిషి గుర్తొచ్చాడు. "మహాప్రభూ, మా ఆయన చేసింది రెండు దెబ్బలు. మీ గౌరవం చేసింది మిగతాదంతా. పొద్దున మెట్ల మీద పడకపోయినా, సాయంత్రం నిప్పు పెట్టి ఉంటే ఇది పేలి బురుజు మీదున్న మీరంతా పోయేవాళ్లు. సింగన్న మిమ్మల్ని బతికించాడు."

ఈ మాటకు సభలో అంతా సింగన్నను మెచ్చుకున్నారు. అయినా ఏనుగును మాత్రం ఎవరూ జరపమనలేదు.

"బాగుచెయ్యగలవా?" అన్నాడు మహారాజు.

"సుత్తి, ఆకురాయి, కొలిమి కావాలి. వెనక బిరడా ఊడదీసి కడగాలి."

సుత్తి అన్న మాట వినగానే మంత్రి ముఖం పాలిపోయింది. దళవాయి మీద ఇనుము ఎత్తే అధికారం రాజ్యంలో ఒక్కరికే ఉంది. ఆయనకు సుత్తి పట్టుకోవడం రాదు. నయనిధి శాసనాల కట్ట తిరగేసి, కళ్లజోడు సవరించుకుని, గొంతు సవరించుకుని, చివరికి చెప్పాడు. "మరమ్మతు జరిగినంతసేపూ ఈమె రాజు కావాలి. వేరే మార్గం లేదు."

వజ్రముష్టి కిరీటం తీసి నాంచారి నెత్తిన పెట్టడంలో చూపిన తొందర చూస్తే, ఆయనకు చాలాకాలంగా మెడనొప్పి ఉన్నట్టు తోచింది. ఇంకో చిక్కు మిగిలింది. కరకంకణ శాసనం ప్రకారం రాజుకు మీసం ఉండాలి. ఖజానాలో బాల రాజుల కోసం దాచిన సవరం మీసం ఒకటి ఉంది. జడలబర్రె తోక వెంట్రుకలతో చేసినది, రెండు వైపులా చెవుల దాకా వస్తుంది. దాన్ని జిగురుతో అంటించారు. నాంచారికి ముక్కు దురద పుట్టింది.

"నేను రాజుని కదా?" అంది.

"సందేహమా మహాప్రభూ," అన్నాడు నయనిధి చేతులు కట్టుకుని.

"అయితే ముందు సింగన్నని వదలండి."

"సైన్యానికి జరిగిన అపచారంలో దళవాయిగారు నోరు విప్పేదాకా రాజు కలగజేసుకోరాదు ప్రభూ. విప్పాక తమ మాటే చెల్లుతుంది. ఆ మాట తమరు రాజుగా ఉన్నంతకాలం చెల్లుతుంది."

"ఎంతకాలం ఉంటాను?"

"చివరి మరమేకు బిగిసేదాకా. బిగించవలసిన మరమేకు తమ చెంత లేదంటే మరమ్మతు ముగిసినట్టే."

నాంచారి ఆ మాట మనసులో భద్రంగా పెట్టుకుంది. ఈ సభను ఆమె ఇప్పటికి బాగానే అర్థం చేసుకుంది. సింగన్నకు ఇవాళ ఒక శాసనం అడ్డమైతే రేపు ఇంకొకటి దొరుకుతుంది.

ఆ తరవాత సభాసదులకు ఊపిరి తిరగలేదు. కమానుకు మంచి ఉక్కు కావలసి వస్తే ఆమె రాజఖడ్గం తెప్పించి, అంచున వేలెడు బద్ద నరికింది. తన కత్తే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. సింహాసనం ముందు కొలిమి రాజేసి, ఇద్దరు సామంతరాజుల చేత తిత్తి ఊదించింది. బద్దను ఎర్రగా కాల్చి వంచి, నూనెలో ముంచి పదును పెట్టింది. చీలిన మెడకు సరేసు జిగురు పూసి, రాజభేరి మీంచి తడి తోలు పట్టీ కోయించి బిగించి చుట్టింది. చెకుముకి రాయి వంటశాల నుంచి వచ్చింది.

వెనక బిరడా ఊడదీసి వేడినీళ్లు పోస్తే పాయసం కదిలింది. అరవై ఏళ్ల సరుకు, చట్టంలా బిగుసుకుపోయి పొరలు పొరలుగా బయటికి వచ్చింది. లోపలి పొరల్లో జీడిపప్పు దండిగా ఉంది. వజ్రముష్టి పట్టాభిషేకం దగ్గర్నుంచి జీడిపప్పు మాయమై ఎండుద్రాక్ష వచ్చింది, గత పదేళ్లుగా అదీ లేదు. వంటశాల అధికారి సభలోంచి మెల్లగా జారుకున్నాడు.

అట్టడుగున బిరడా ఉండే చోట గట్టిగా ఏదో తగిలింది. నాంచారి వేలితో లాగింది. నల్లబడిన మందు ముద్ద, దాని ముందు గుడ్డపీలిక, దాని ముందు గుండ్రటి సీసపు గుండు. ఆమె చేతులు ఆగిపోయాయి. కూరిన మందు కూరినట్టే ఉంది. అంటే అరవై ఏళ్ల కిందట ఆ బురుజు మీద దళవాయిగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గర్జించింది ఇంకెవరో.

"ఏమిటది?" అన్నాడు వైద్యుడు మెడ చాచి.

ఈ నిజం బయటపెడితే దళవాయి పదవి పోతుంది. మాట్లాడి క్షమించవలసిన దళవాయే లేకపోతే సింగన్నను విడిపించేవాళ్లు ఎవరూ ఉండరు. నాంచారి గుండును కొంగున ముడివేసింది. "కడుపులో రాయి," అంది.

"నేను ముందే అనుకున్నాను," అన్నాడు ధాతుభూషణం.

సూర్యుడు పడమటి కొండకు బెత్తెడు దూరంలో ఉన్నాడు. గొట్టం గోడలకు పట్టిన ఆఖరి పాకపు పూత గీకే వ్యవధి లేదు. గొట్టం పల్చబడింది కదా అని సగం మందే కూరింది. అన్నీ బిగించి, పక్క రేకు మరమేకు ఒక్కటి మాత్రం గుప్పిట్లో దాచుకుని, ఆ రేకును బొటనవేలితో అదిమిపట్టి బురుజు ఎక్కింది. పైనుంచి మూడో మెట్టు దగ్గర పాయసం దాటుకుని మరీ ఎక్కింది. సభ అంతా ఆమె వెనకే ఎక్కింది.

ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. గండభేరుండం రెక్కల గాలికి పగడపు కలశాలు ఊగాయి. దాని వీపు మీద ధూమ్రజటుడు, జడల చివర పొగలు కక్కుతూ, కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని వస్తున్నాడు. కింద ప్రాంగణంలో కల్యాణి ఎందుకైనా మంచిదని కాలు కొంచెం ఎత్తింది. సింగన్న కళ్లు మూసుకున్నాడు.

నాంచారి మీట నొక్కింది. కొక్కెం విసురుగా పడింది, రాయి నిప్పు రాల్చింది, రంజకపు మందు భగ్గుమంది. దళవాయిగారు అరవై ఏళ్ల మౌనం విడిచి, పెళ్లిలో పేల్చే ఔటుకన్నా కాస్త తక్కువగా, "ఠప్" అన్నారు.

"దళవాయిగారు మాట్లాడారు," అని నయనిధి కిందికి కేకేశాడు.

"సింగన్న తల జోలికి ఎవరూ రాకూడదు. ఇది రాజాజ్ఞ," అని నాంచారి అంతకన్నా గట్టిగా కేకేసింది. మావటి సింగన్న చెయ్యి పట్టి లేపాడు. మొగుడు రెండు కాళ్ల మీద నిలబడటం చూసి, ఆ కిరీటం కిందే, ఆ మీసం వెనకే నాంచారి కళ్లు నీళ్లతో నిండాయి.

పైనుంచి మాంత్రికుడి నవ్వు వినపడింది. "ఆ గొంతు ఇది కాదు. అరవై ఏళ్లుగా నా నిద్రలో మోగుతున్న గొంతు నాకు తెలియదా? కోట నాది."

సభాసదులంతా, తాతల నాటి సంప్రదాయం ప్రకారం, బురుజు దిగి పారిపోయారు. వజ్రముష్టి పోతూ పోతూ, "ఆ మూతి తుడిచేవాణ్ని మళ్లీ పడుకోబెట్టండి. నా కిరీటం నాకు రాగానే వాడి సంగతి చూస్తాను," అన్నాడు. ఆ మాట నాంచారికి స్పష్టంగా వినపడింది. గుప్పిట ఇంకా గట్టిగా బిగించింది.

అప్పుడు దళవాయిగారి గొట్టంలోంచి సన్నటి పొగ లేచింది. గీకకుండా వదిలేసిన పాకపు పూత వేడికి మాడుతోంది. ఆ మాడు వాసన మెట్ల వెంట దిగి ప్రాంగణంలోకి పాకింది. కల్యాణి చెవులు నిలబడ్డాయి. తొండం పైకి లేచింది. అరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్క ఘీంకారంలో బయటపెట్టింది. తొమ్మిది ప్రాకారాల నూటపదహారేసి గుబ్బలూ గణగణలాడాయి.

ధూమ్రజటుడి నవ్వు సగంలో తెగిపోయింది. "అదే, అదే ఆ గొంతు," అని గొణిగి కళ్లేలు రెండూ ఒక్కసారే లాగాడు. గండభేరుండం కుడి తల బూడిదకొండ వైపు తిరిగింది. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేని ఎడమ తల, బురుజు మీద మెరుస్తున్న కిరీటాన్ని చూసింది. ఎడమ కాలి గోళ్లు చాచి నాంచారిని పట్కాతో సహా పట్టి లేపింది. దళవాయిగారు ఆమె చంకలో ఉన్నారు.

క్షణంలో కోట కాళ్ల కింద పళ్లెమంత అయింది. దారి మీద ఒక ఏనుగు దుమ్ము రేపుకుంటూ పరుగెడుతోంది. దాని మీద ఒక మనిషి మూతి తుడిచే గుడ్డ గాలిలో ఊపుతున్నాడు. దళవాయి ఎక్కడికి పోతే ఆ ఉద్యోగి అక్కడికి పోవాలన్నది శాసనం. సింగన్న జీవితంలో మొదటిసారి ఉద్యోగధర్మం ఇంత ఇష్టంగా నెరవేరుస్తున్నాడు. నాంచారికి ప్రాణం లేచి వచ్చింది.

ధూమ్రజటుడు వెనక్కి తిరిగి చూడటం లేదు. వెనక గోళ్లలో ఉన్న రాజే ఆ గొంతు యజమాని అనీ, నోరు తెరిస్తే తన పని అయిపోతుందనీ అతని భయం. గర్జించింది కింద ఉన్న ఏనుగని అతనికి తెలియదు. ఆ భయం ఉన్నంతసేపు ఫర్వాలేదనుకుంది నాంచారి. సరిగ్గా అప్పుడే రెక్కల గాలికి మీసం ఎడమవైపు ఊడి టపటప కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఒక చేత్తో దళవాయిగారిని పట్టుకోవాలి. రెండో చేతి గుప్పిట్లో మరమేకు ఉంది. అది జారిపోతే తన రాచరికం ముగిసినట్టే, కింద సింగన్న తలకు మళ్లీ బండ సిద్ధమైనట్టే. మీసం పోతే మాంత్రికుడి భయమూ పోతుంది, ఇక్కడే తన పని ముగిసినట్టే. నాంచారి ఎక్కువసేపు ఆలోచించలేదు. మరమేకును నోట్లో వేసుకుని పళ్ల మధ్య బిగించి, ఖాళీ అయిన చేత్తో మీసం అదిమిపెట్టుకుంది.

ధూమ్రజటుడు ధైర్యం తెచ్చుకుని, తల తిప్పకుండానే వణికే గొంతుతో అడిగాడు.

"రాజా, గర్జించకుండా ఒక్క మాట చెప్పు, వదిలేస్తాను. ఆ గొంతు నీదేనా?"